కాలేజీ బేస్‌బాల్ విజిట్లు: మా వాడితో చూసొచ్చిన మూడు క్యాంపస్‌లు

ఆగస్టు 1 అర్ధరాత్రి మా వంటింట్లో ముగ్గురం మేలుకునే ఉన్నాం. పదకొండో తరగతిలోకి వెళ్లే బేస్‌బాల్ పిల్లలతో డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో అన్నిటికన్నా పై స్థాయి) కోచ్‌లు నేరుగా మాట్లాడటానికి, అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ సంస్థ పెట్టిన తేదీ అది. పన్నెండు దాటిన నాలుగు నిమిషాలకు మా వాడి ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. తెల్లారేసరికి ఇంకొకటి. వాడు ఎడమచేతి వాటం పిచ్చర్, అంటే బ్యాటర్‌కు బంతి విసిరేవాడు. అప్పటి నుంచి నవంబరు దాకా మూడు కాలేజీలు చూసొచ్చాం. టెక్సస్‌లోని మా ఫ్రిస్కో చుట్టుపక్కల పిల్లల్ని ట్రావెల్ బాల్‌లో (ఊరూరా తిరిగి ఆడే ప్రైవేటు జట్లలో) పెట్టిన తెలుగువాళ్లు ఫోన్ చేసి అడుగుతున్నారు కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను. కాలేజీల పేర్లు మాత్రం చెప్పను. విషయం ఇంకా నడుస్తోంది.

మొదటిది క్యాంపు, అంటే ఒక కాలేజీ డబ్బు కట్టించుకుని పిల్లల ఆట చూసే రోజు. "నీ ఆట చూశాం, తప్పకుండా రావాలి" అని వాడి పేరుతో మెయిల్ వస్తే ఎంత సంబరపడ్డానో. 195 డాలర్లు కట్టాం, నాలుగు గంటలు కారులో వెళ్లాం, హోటల్ ఖర్చు వేరే. వెళ్లి చూస్తే వీపుకు నంబర్లు అంటించుకున్న పిల్లలు వందకు పైనే ఉన్నారు. మా వాడు బుల్‌పెన్‌లో (పిచ్చర్లు ప్రాక్టీసు చేసే చోట) 20 బంతులు వేశాడు. బంతి వేగం కొలిచే రాడార్ గన్ పట్టుకున్నది ఆ కాలేజీ కుర్రాడొకడు. పిచింగ్ కోచ్ ఆ పూటంతా అవతలి మైదానంలోనే ఉన్నాడు. సాయంత్రం వేగం రాసిన కాగితం చేతిలో పెట్టి పంపించారు. ఇంటికొచ్చేదాకా వాడు నోరు విప్పలేదు. డబ్బు పోతే పోయింది, పిలిచి మరీ చూడకపోవడం నాకు చాలా బాధ కలిగించింది. ఈ విజిట్‌కు నేనిచ్చే మార్కు అయిదుకు ఒకటి. మీకూ అలాంటి మెయిల్ వస్తే డబ్బు కట్టేముందు పిల్లాడి చేతే తిరిగి రాయించండి: నన్ను ఏ మ్యాచ్‌లో చూశారు, ఆ రోజు పిచింగ్ కోచ్ నా బుల్‌పెన్ చూస్తారా అని. జవాబు రాకపోతే ఆ మెయిల్ ఇంకో వెయ్యి మందికీ వెళ్లిందనే అనుకోండి.

రెండోది డివిజన్ 1 అఫీషియల్ విజిట్. మా ముగ్గురి టికెట్లు, తిండి, రెండు రాత్రుల బస కాలేజీయే పెట్టుకుంది. మామూలుగా ఒక కాలేజీకి ఇలా ఒక్కసారే వెళ్లనిస్తారు కాబట్టి ముందే సిద్ధపడి వెళ్లాలి. మొదటి రోజు స్టేడియం, వెయిట్ రూమ్, తర్వాత ఫొటోషూట్. లాకర్ మీద వాడి పేరు అంటించి, 17వ నంబరు జెర్సీ తగిలించి ఉంచారు. వాడు కుర్చీలో కూర్చుని సాక్సులు మోకాళ్ల దాకా లాక్కుంటుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడి గది గోడ మీద కుమార్ రాకర్ ఫొటో ఉంటుంది. రాకర్ కూడా పిచ్చరే, అతని అమ్మగారిది భారతీయ కుటుంబం. 2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి మొదటి ఏడాది ఆడుతూనే డ్యూక్ యూనివర్సిటీ మీద ఒక్క హిట్ ఇవ్వకుండా 19 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం) తీశాడు. 2022లో మా టెక్సస్ రేంజర్స్ ప్రొఫెషనల్ జట్టు డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు) అతన్ని మూడో పిక్‌గా తీసుకుంది. ఆ ఫొటో చూస్తూ పెరిగిన పిల్లాడికి జెర్సీ తొడిగితే ఇంకేమీ కనబడదు. అక్కడే పెద్దవాళ్లం జాగ్రత్తగా ఉండాలి.

రెండో రోజు పొద్దున హెడ్ కోచ్ గదిలో కూర్చున్నాం. ప్రశ్నలు మావారు రాశారు, అడిగింది మా వాడు. ఇప్పుడున్న జట్టులో ఎడమచేతి పిచ్చర్లు ఎంతమంది? పోర్టల్ (కాలేజీ మారే ఆటగాళ్ల జాబితా) నుంచి ఎంతమందిని తెస్తున్నారు? కోచ్ దాచకుండా చెప్పాడు: ఏడుగురు, అందులో నలుగురు వేరే కాలేజీల నుంచి వచ్చినవాళ్లు. ఈ లెక్క ఎందుకంటే, ఇదివరకు డివిజన్ 1 బేస్‌బాల్ జట్టులో 40 మంది దాకా ఉండేవాళ్లు, 11.7 పూర్తి స్కాలర్‌షిప్‌ల డబ్బును 27 మంది దాకా పంచేవాళ్లు. 2025-26 నుంచి హౌస్ సెటిల్‌మెంట్‌లో (కాలేజీ ఆటగాళ్లకు డబ్బు చెల్లింపుల మీద కోర్టులో కుదిరిన రాజీ) చేరిన కాలేజీలకు ఆ స్కాలర్‌షిప్ హద్దు తీసేశారు, జట్టును మాత్రం 34కి కుదించారు. డబ్బు పెరగొచ్చు, చోటు తగ్గింది. ఉన్న చోటుకే ఇరవై రెండేళ్ల పోర్టల్ కుర్రాళ్లతో మా పదహారేళ్లవాడు పోటీ పడాలి. మాకు చెప్పిన ఆఫర్ 35 శాతం స్కాలర్‌షిప్. అది నోటిమాటే, సంతకం సీనియర్ ఏడాది (పన్నెండో తరగతి) నవంబరులో. ఆ కాలేజీకే వస్తానని రాసిచ్చే పాత నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ 2024లోనే పోయింది, ఇప్పుడు స్కాలర్‌షిప్ ఒప్పంద పత్రం మీదే సంతకం.

మా వాడు చదవాలనుకుంటున్న మెకానికల్ ఇంజినీరింగ్ సంగతి వచ్చేసరికి మాత్రం అక్కడి అడ్వైజర్ మాట తడబడింది. ల్యాబ్‌లు మధ్యాహ్నం, ప్రాక్టీసూ మధ్యాహ్నమే. జట్టులో ఆ కోర్సు చదివేవాళ్లతో ఒకసారి మాట్లాడించమంటే "కనుక్కుంటాను" అన్నారు. ఇంతవరకు కబురు లేదు. మర్యాదలకు అయిదు, ఈ ఒక్కదానికి రెండు ఇస్తాను.

మూడోది చిన్న డివిజన్ 3 కాలేజీ, మా ఖర్చుతో వెళ్లాం. అక్కడ ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు, మార్కులను బట్టి, ఇంటి ఆదాయాన్ని బట్టి సాయం చేస్తారు. వాళ్ల వెబ్‌సైట్‌లోని నెట్ ప్రైస్ కాలిక్యులేటర్‌లో ముందురాత్రే మా అంకెలు వేసి చూసుకున్నాం. హెడ్ కోచ్ తనే గేటు దగ్గరికొచ్చి రెండు గంటలు మాతో తిరిగాడు. "జూన్‌లో నువ్వు మొదటి ఇద్దరికీ వాక్ (నాలుగు తప్పు బంతులకు ఊరికే బేస్) ఇచ్చావు, తర్వాత ఛేంజప్‌తో (వేగం తగ్గించి వేసే బంతి) బయటపడ్డావు, అది నాకు నచ్చింది" అన్నాడు. అంటే నిజంగా చూశాడన్నమాట. డైనింగ్ హాల్లో మాతో కూర్చున్న క్యాచర్ మెకానికల్ మూడో ఏడాది. వాడి ల్యాబ్ నోట్‌బుక్ తీసి, మంగళవారం ఒంటిగంట నుంచి నాలుగు దాకా ల్యాబ్ అని, ఆ రోజు ప్రాక్టీసుకు ఆలస్యంగా వస్తే కోచ్ ఏమీ అనడని చెప్పాడు. మా వాడు అన్నం చల్లారిపోయేదాకా ప్రశ్నలు అడుగుతూనే ఉన్నాడు. గ్రౌండ్ చిన్నది, స్టాండ్స్ అల్యూమినియం బెంచీలు. నేను అయిదుకు అయిదు ఇస్తాను, మావారు నాలుగంటారు. ఖర్చు విషయంలో ఆయన భయం ఆయనది, అది తీసేయదగ్గది కాదు.

పోయిన ఆదివారం డివిజన్ 1 కోచ్ రెండు వారాల్లో జవాబు చెప్పమన్నాడు. నేను మెయిల్ రాస్తానంటే "వద్దమ్మా, నేనే ఫోన్ చేస్తా" అన్నాడు మా వాడు. నేను పొయ్యి కట్టేసి తలుపు దగ్గర నిలబడ్డాను. ఇంజినీరింగ్ చదివే ఆటగాడితో మాట్లాడే దాకా నేను మాట ఇవ్వలేను సర్, జనవరి దాకా టైమ్ ఇస్తారా అని అడిగాడు. అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత "సరే, నంబర్ పంపిస్తాను" అన్నాడు కోచ్.