ప్రభుత్వ బడా, ఇంటి చదువా: అమెరికాలోని పేగన్ కుటుంబం ముందున్న రెండు దారులు

అమెరికాలో ప్రకృతిని ఆరాధించే పేగన్ కుటుంబానికి ప్రభుత్వ బడి పూర్తిగా పరాయిది కాదు. బడి తరఫున ప్రార్థన చేయించడం రాజ్యాంగ విరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు 1962లోనే తీర్పు చెప్పింది. పైగా చదువు ఉచితం, రకరకాల ఇళ్ల పిల్లల స్నేహమూ దొరుకుతుంది. అయితే గతించిన పెద్దలను తలచుకునే సావిన్ పర్వం తోటి పిల్లలకు హాలోవీన్ వేషాల రాత్రి మాత్రమే.

పిల్లలను బడికి పంపకుండా తల్లిదండ్రులే నేర్పే ఇంటి చదువులో ఆ పర్వాలే పాఠాలవుతాయి. వారి ఎనిమిది పండుగల్లో నాలుగు పండుగలు రెండు అయనాంతాలకు (పగలు అతి పొడవుగా, అతి పొట్టిగా ఉండే రోజులు), రెండు విషువత్తులకు (పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే రోజులు) చెందినవి కాబట్టి, మధ్యాహ్నపు నీడను ఏడాది పొడవునా కొలిచిన బిడ్డకు భూమి అక్షపు వంపు బట్టీ పట్టకుండానే బోధపడుతుంది. చిన్న తరగతులకు ఇంతకంటే మంచి పద్ధతి లేదని నా దృఢమైన అభిప్రాయం.

శ్రమ మాత్రం తక్కువ కాదు. ఇంటి చదువుల కోసం అమ్ముడయ్యే పాఠ్యపుస్తకాలలో చాలా భాగం క్రైస్తవ దృక్పథంతో రాసినవి కావడంతో, తల్లిదండ్రులు ప్రతి పుస్తకాన్నీ ముందుగా చదివి ఏరుకోవాలి. 50 రాష్ట్రాలలోనూ ఇంటి చదువు చట్టబద్ధమే అయినా నిబంధనలు ఒకటి కావు: టెక్సాస్‌లో ప్రభుత్వానికి తెలియజేయనక్కరలేదు, న్యూయార్క్‌లో మూడు నెలలకోసారి నివేదిక సమర్పించాలి.