మూడు నెలల పాపతో మద్రాసులో నాలుగు రోజులు

మా నెల్లూరోళ్ళకి మద్రాసు పరాయి ఊరు కాదు. పెళ్ళి కుదిరితే చీరలకు అక్కడికే, పెద్ద జబ్బు చేస్తే ఆసుపత్రికీ అక్కడికే. పొద్దున పోయి రాత్రికి ఇంటికొచ్చేస్తాం. పేరు మారి ఇన్నేళ్ళయినా మా ఇంట్లో ఎవరి నోటా చెన్నై అన్న మాట రాదు. అట్టాంటి ఊరికి మూడు నెలల పాపను తీసుకుపోతామంటే మాత్రం, ఏదో చంద్రమండలానికి పోతున్నట్టు రాద్ధాంతం అయింది.

జనవరి చివర్లో మా ఆయనకు అక్కడ ఆఫీసు పని పడింది. నేను కాన్పుకొచ్చి మూలాపేటలో అమ్మ దగ్గరే ఉన్నా. మూడు నెలలుగా సాంబ్రాణి పొగ, వెల్లుల్లి కారం, నాలుగు గోడలు. నేనూ వస్తానన్నా. "ఐదో నెల పడేదాకా గడప దాటేది లేదు అమ్మణ్ణీ, బిడ్డకు గాలి సోకితే ఎవురిది పూచీ?" అంది అమ్మ. పధ్నాలుగు వారాల టీకాలు అయ్యాక వెళ్ళొచ్చు, జనం తోసుకునే చోటికి మాత్రం వద్దు అని డాక్టరమ్మ చెప్పాక కొంచెం మెత్తబడింది. ఎంత మెత్తబడిందంటే, "పచ్చి బాలింతనూ పసిగుడ్డునూ పంపించి నేనింట్లో ఎట్టా కూచునేది" అని తనే ముందు సంచి సర్దుకుంది. అందులో కాటుక భరిణె, వసకొమ్ము, నాన్న పాత పంచెలు చింపిన గుడ్డలు ఓ ఇరవై, దిష్టికి ఎండుమిరపకాయలు. డైపర్ల ప్యాకెట్టు చూసి మొహం తిప్పుకుంది.

పినాకినిలో పోయాం. మా పెన్నా నదికున్న ఇంకో పేరే ఆ రైలుది. పొద్దున పదింటికి అటూఇటూగా నెల్లూరొస్తుంది, మధ్యాహ్నం భోజనాల వేళకు సెంట్రల్‌లో దించుతుంది. దూరం సుమారు 175 కిలోమీటర్లు. వందే భారత్ ఉండగా ఇదెందుకని అడిగారు కొందరు. దాంట్లో పోతే చేరేసరికి రాత్రవుతుంది, చీకట్లో బిడ్డతో గది వెతుక్కునే ఓపిక నాకు లేదు. ఐదేళ్ళ లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు కాబట్టి ఖర్చు మా ముగ్గురిదే. ఏసీ చైర్‌కార్ తీసుకున్నాం, అక్కడే పొరపాటు చేశాం. నెత్తిన చల్లగాలి నేరుగా పాప మీద పడుతోంది. పాలివ్వాలంటే పక్క సీటాయన మోచెయ్యి నా మోచేతికి తగులుతోంది. అమ్మ ఆయన్ను లేపి, తను మధ్యలో కూర్చుని, కొంగు అడ్డం పట్టింది. సూళ్ళూరుపేట దాటిందాకా ఆ కొంగు దించలేదు. టికెట్ తీసేటప్పుడే కిటికీ సీటూ దాని పక్కదీ అడగండి, ఈ అవస్థ తప్పుతుంది.

మొదటి రాత్రి సెంట్రల్ దగ్గర ఒక లాడ్జిలో దిగాం. పేరెందుకులెండి. ఫోన్లో వేడినీళ్ళు 24 గంటలూ అన్నారు. తీరా చూస్తే గీజరు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకే. రాత్రి ఒంటిగంటకు పాప ఒళ్ళంతా పాడుచేసుకుంటే, కింద టీ కొట్టు మూసేస్తుంటే మా ఆయన ఫ్లాస్కు పట్టుకుని పరుగెత్తాడు. కిటికీ రోడ్డు మీదికే, ఒక బస్సు హారన్ ఆగితే ఇంకో బస్సుది. పాప మాత్రం బస్సులకు నిద్రపోయి, అవి ఆగినప్పుడు లేచింది. ఎందుకో మాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

పొద్దున్నే సామాను కట్టుకుని మైలాపూరులో ఒక సర్వీస్ అపార్ట్‌మెంటుకు మారాం. లాడ్జిలో రోజుకు 1,400 అయితే ఇక్కడ 2,900. అంత డబ్బా అనిపించింది, గంటలో ఆ బాధ పోయింది. వంటగది ఉంది, చెంబుడు నీళ్ళు కాచుకోవచ్చు. బాల్కనీలో దండెం ఉంది, అమ్మ తెచ్చిన ఇరవై గుడ్డలూ జెండాల్లా ఎగిరాయి. మధ్యాహ్నం వేళ పాప పడుకుంటే నేనూ పడుకున్నా. పసిబిడ్డతో పోయేవాళ్ళు చూసే చోట్ల జాబితా తర్వాత రాసుకోండి, ముందు పడుకునే చోటు చూసుకోండి. ఊరు చూడ్డానికి మేము రోజుకు మూడు గంటలకు మించి వాడుకోలేదు. తక్కిన ఇరవై ఒక్క గంటలూ గదే కదా.

ఆ రోజు శుక్రవారం. ఎగ్మోర్ మ్యూజియంకని బయల్దేరాం. సెంట్రల్‌లో మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషనే ఎగ్మోర్. మెట్రో గురించి మంచే చెప్పాలి. లిఫ్టులున్నాయి, పాప బండిని మడిచే పని లేకుండా పైకీ కిందికీ తిరిగాం, గోల తక్కువ, నేల శుభ్రం. పాలకు ఏడిస్తే అక్కడ పనిచేసే ఒకామె కుర్చీ తెచ్చి స్తంభం వెనక వేసి, తను ఇటు తిరిగి కాపలా నిలబడింది. ఒక్క ముక్క తెలుగు రాదామెకు. అమ్మ ఆమెతో ఐదు నిమిషాలు కబుర్లు చెప్పింది, ఏ భాషలోనో నాకు తెలియదు.

ఇంతా చేసి పోతే మ్యూజియం గేటు మూసుంది. శుక్రవారం సెలవట. ముందు చూసుకోనిది మేమే, ఎవర్ని అనేది?

సరే, సాయంత్రం కపాలీశ్వరుడి గుడికి పోదామనుకున్నాం. శుక్రవారం సాయంత్రం కర్పగాంబాళ్ అమ్మవారి దర్శనానికి మైలాపూరు మొత్తం అక్కడే ఉంది. డాక్టరమ్మ మాట గుర్తొచ్చి గోపురం బయటే ఆగిపోయాం. అమ్మ ఒక్కతే లోపలికి పోయి కుంకం తెచ్చి పాప నుదుట పెట్టింది. మేము కోనేటి పక్కన కూర్చున్నాం. మల్లెపూలు మూరల లెక్కన కొలిచే ముసలమ్మ ఒకామె, పాప కాళ్ళకు మేజోళ్ళు లేవని తమిళంలో నన్ను తిట్టింది. నాలుగు రోజుల్లో ఇట్టాంటి తిట్లు కనీసం పది తిన్నాను, ఒక్కటీ బాధ పెట్టలేదు. మర్నాడు పొద్దున ఆరింటికి మళ్ళీ పోయాం. అప్పుడు చూడాలి ఆ గుడిని. తడిసిన బండలు, పొన్నచెట్టు, పార్వతి నెమలి రూపంలో శివుణ్ణి పూజించిందని చెప్పే చిన్న గుడి, ఎక్కడా తోపులాట లేదు. ఇరవై నిమిషాల్లో దర్శనం అయింది. మధ్యాహ్నం మూసేసి మళ్ళీ సాయంత్రం తెరుస్తారు కాబట్టి బిడ్డలతో పోయేవాళ్ళకు తెల్లవారుజామే గతి.

శనివారం ఆ గుడి నుంచే ఇంకో చోటికి పోయాం. అది ఎవరి జాబితాలోనూ ఉండదు. రాయపేట హైరోడ్డులో పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనం. బులుసు సాంబమూర్తి గారి ఇల్లు అది. 1952 అక్టోబరు 19న అక్కడే నిరాహారదీక్షకు కూర్చుని, 58 రోజులుండి, డిసెంబరు 15 రాత్రి ప్రాణం వదిలారు. పుట్టిందీ మద్రాసులోనే, పూర్వీకులది పడమటిపల్లె అనే ఊరు, పేరు పెట్టింది మా జిల్లాకు. మా వీధి చివరి వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనుల్ని రానివ్వాలని 1946లో ఆయన ఉపవాసం చేశారని మా తాత చెప్పేవాడు. ఆ గుడి ముందు నుంచే నేను రోజూ బడికి పోయిందాన్ని. లోపల పది నిమిషాలే ఉన్నాం, పాపకు ఆకలేసింది. 58 రోజులు తిండి లేని మనిషి ఇంట్లో కూర్చుని బిడ్డకు పాలివ్వడం ఎట్టాగో అనిపించింది. అమ్మ ఏమీ మాట్లాడకుండా కొంగు అడ్డం పట్టింది.

ఆదివారం మ్యూజియంకు మళ్ళీ పోయాం. 1851లో పెట్టిన మ్యూజియం, పెద్ద ఆవరణ, చెట్లు, కూచోడానికి అరుగులు. గదుల మధ్య మెట్లెక్కువ, పాప బండి అక్కరకు రాలేదు, ఎత్తుకునే తిరగాలి. మనవాళ్ళు తప్పకుండా చూడాల్సింది అమరావతి శిల్పాలు. అక్కడి స్తూపం నుంచి పెళ్ళగించి తెచ్చిన పాలరంగు రాళ్ళు. కొన్ని లండన్‌కు పోయాయి, కొన్ని ఇక్కడున్నాయి. ఒక గుండ్రటి పలకలో నలగిరి అనే మదపుటేనుగు వీధిలో మనుషుల్ని తొక్కుకుంటూ వస్తోంది, అదే ఏనుగు పక్కనే బుద్ధుడి కాళ్ళ దగ్గర మోకరిల్లింది. మేడ కిటికీల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. అరచేతి మందం కూడా లేని రాతిలో అంత గందరగోళం ఎట్టా పట్టించారో. పాప అక్కడే నిద్రపోయింది, అందుకని ఆ ఒక్క పలక ముందు అరగంట నిలబడగలిగా. బిడ్డ లేకుండా వచ్చుంటే రెండు నిమిషాల్లో దాటేసేదాన్ని. కంచు విగ్రహాల భవనం పక్కనే ఉందన్నారు, ఓపిక లేక మానేశాం.

ఆ సాయంత్రమే మెరీనా. ఇసుకలో పాప బండి చక్రాలు రెండడుగులకే కూరుకుపోయాయి. వివేకానందర్ ఇల్లం ఎదురుగా చక్రాల కుర్చీల వాళ్ళ కోసం 2022లో చెక్కదారి వేశారు. దాని మీద పొయ్యేవాళ్ళకు అడ్డం కాకుండా కొంతదూరం పోయి వెనక్కి తిరిగాం. గాలి విసురుగా ఉంది, సన్న ఇసుక కళ్ళలో పడుతోంది. అమ్మ పాప మొహానికి కొంగు కప్పేసి, "దీనికంటే మన మైపాడు బీచి నయం" అంది. శుభ్రం సంగతి చెప్పాలంటే నాకూ అదే అనిపించింది, కానీ మెరీనాలో జనాన్ని చూడ్డమే ఒక వేడుక. పావుగంట చాలు.

టీనగర్‌కు పోకుండా నెల్లూరుకు తిరిగొచ్చిన ఆడమనిషి లేదు కదా. రంగనాథన్ వీధి జోలికి పోవద్దు, అక్కడ పెద్దవాళ్ళకే ఊపిరాడదు. పాండీబజారు నయం. 2019లో అక్కడ కాలిబాట వెడల్పు చేశారు, పాప బండి హాయిగా దొర్లింది. మద్రాసులో తక్కిన కాలిబాటలు పైకీ కిందికీ దుముకుతూ నడవాలి, బండి కంటే బిడ్డను ఒంటికి కట్టుకునే సంచే మేలు. ఒక బట్టల కొట్లో ట్రయల్ రూములో కూర్చుని పాలిస్తే బయట తలుపు తట్టారు. ఊళ్ళో బిడ్డలకు పాలిచ్చే గదులెక్కడున్నాయని అడిగితే బస్టాండ్లలో అన్నారు. తమిళనాడు ప్రభుత్వం 2015లో బస్టాండ్లలో పెట్టించిందట. మాకు బస్టాండు వైపు పనే పడలేదు.

తిండికి బెంగ లేదు. ట్రిప్లికేన్ రత్నా కేఫ్‌లో సాంబారు ఇడ్లీ, సాంబారు గిన్నె దగ్గరే పెట్టుకుని కావలసినంత పోస్తారు. మా ఊరి కారం దోశ అలవాటైన నాలుక్కి చప్పగా ఉంది, బాలింత పథ్యానికి మాత్రం సరిగ్గా సరిపోయింది. ఆటోవాళ్ళు మీటరు మాట ఎత్తితే నవ్వుతారు, అందుకని యాప్‌లోనే పిలిచాం. పాపను చూశాక మాత్రం అందరూ స్పీడ్‌బ్రేకర్ల దగ్గర ప్రాణం పెట్టి నడిపారు. "కుళందై ఇరుక్కు" (పసిబిడ్డ ఉంది) అని ఒకాయన ముందున్న వ్యానువాడితో గొడవ కూడా పెట్టుకున్నాడు.

తెచ్చుకున్నవాటిలో వసకొమ్ము సంచి దాటి బయటికి రాలేదు, డాక్టరమ్మ పాలు తప్ప ఇంకేదీ వద్దంది. మధ్యాహ్నం ఎండకు "చెంచాడు నీళ్ళు పోద్దామే" అని అమ్మ రెండుసార్లు అడిగింది, ఆరో నెల నిండేదాకా నీళ్ళు కూడా వద్దని చెప్పారని గుర్తుచేశా. డైపర్లు పద్దెనిమిది అయిపోయాయి, పంచె గుడ్డలు మాత్రం లెక్క తప్పాయి. మూడోరోజుకు అమ్మే డైపర్ విప్పి చూసి, "ఇది బాగానే ఉండాదే" అంది.

సోమవారం మధ్యాహ్నం పినాకినిలోనే తిరిగొచ్చాం, ఈసారి కిటికీ పక్క సీటు. ఇంటి ముందు ఆటో దిగగానే ఎదురింటి అత్తమ్మ, "మూడు నెలల బిడ్డను పట్టణానికి తీసుకుపోయినారా, ఎంత ధైర్యం మే మీకు!" అని ముక్కున వేలేసుకుంది. అమ్మ ఎండుమిరపకాయలు తీసి పాపకు దిష్టి తీస్తూ, "వీళ్ళిద్దరికీ ఏం తెలుసు వదినా, నేనే తీసుకుపోయినా. వచ్చే వారం మైపాడు కూడా పోయొస్తాం" అంది.