సిటీలో చదివే మన పిల్లలకి కాలేజీ కౌన్సెలరా, 14416 ఫోనా, ప్రైవేట్ థెరపిస్టా, పెద్దాసుపత్రా? ఏది మేలు?

ఒడిశాలోని మన పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం నుంచి ప్లస్ టూ అవ్వగానే మన పిల్లలు హైదరాబాద్ వెళ్ళిపోతున్నారు, కొందరు విశాఖ, భువనేశ్వర్. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, అక్కడ క్లాసులో ఇంగ్లీషు, హాస్టల్లో హిందీ. పైగా మన యాస వింటే పక్కన తెలుగోళ్ళే నవ్వుతారు, దాంతో పిల్లలు నోరు మూసుకుని కూర్చుంటారు. బ్యాక్‌లాగులు, ఎడ్యుకేషన్ లోను, ఇంటి మీద బెంగ అన్నీ కలిసి నిద్ర పట్టదు, ఇంటికి ఫోన్ చేస్తే మాత్రం "బాగున్నానమ్మా, తిన్నాను" అనే చెప్తారు. ఇలాంటప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళాలి అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా.

ముందే ఒక మాట. పెద్ద పేరు ఎవరికుంది అని చూడకండి, ఆరోసారి కూడా వెళ్ళగలిగేది ఏదో చూడండి. మాటలతో చేసే థెరపీ అంటే మామూలుగా వారానికోసారి, ముప్పావుగంట నుంచి గంట, సీబీటీ (ఆలోచనల తీరు, అలవాట్లు మార్చుకోవడం నేర్పే థెరపీ) లాంటిదైతే 6 నుంచి 20 సెషన్ల దాకా పడుతుంది, మొదటి ఒకటి రెండు సార్లు మన సంగతి చెప్పుకోడానికే సరిపోతుంది. రెండుసార్లు వెళ్ళి "ఏం మారలేదు" అని మానేస్తే డబ్బులూ పోయాయి, నమ్మకమూ పోయింది.

అలా చూస్తే కాలేజీ కౌన్సెలరే ముందు నిలబడతారు. ఫీజు లేదు, బస్సెక్కక్కర్లేదు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక అమ్మాయి చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో, 100 మంది లేక అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో సోషల్ వర్కరో కనీసం ఒకరుండాలని చెప్పింది. కాబట్టి మీ కాలేజీలో లేకపోతే అడగండి, అడగడం మీ హక్కు. భయమల్లా హెచ్‌వోడీకి తెలిసిపోతుందేమో, ఆ గది ముందు కూర్చుంటే ఫ్రెండ్స్ చూస్తారేమో అని, అది ఉత్త భయం అని నేననను. మొదటి రోజే "నేను చెప్పింది ఎవరెవరికి వెళ్తుంది సార్" అని మొహమాటం లేకుండా అడిగేయండి, సరైన జవాబు రాకపోతే వేరే దారి చూసుకోండి. పరీక్షలప్పుడు అక్కడ అపాయింట్‌మెంట్ దొరకడం కూడా కష్టమే.

టెలీ మానస్ 14416 వేరే రకం సాయం, మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ హెల్ప్‌లైన్ ఇది. 2022 అక్టోబర్ 10న మొదలైంది, ఉచితం, రాత్రి రెండింటికి చేసినా నడుస్తుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు. మన వైపు పిల్లలకి ఇది చాలా పెద్ద విషయం, ఏడుపొచ్చినప్పుడు ఇంగ్లీషు వెతుక్కోనక్కర్లేదు కదా. కానీ మళ్ళీ చేస్తే అదే మనిషి ఎత్తుతారని లేదు, కథ మొదటినుంచి చెప్పుకోవాల్సి రావచ్చు. అందుకని గుండె దడగా ఉన్న రాత్రికి ఇదే మేలు, ఏడాదిగా నలుగుతున్న బాధకి ఇదొక్కటే చాలదు.

ప్రైవేట్ థెరపిస్ట్ దగ్గర అదే మనిషి, ప్రతివారం, మన గురించే. నిజం చెప్పాలంటే లోతుగా పని జరిగేది ఎక్కువగా ఇక్కడే. కానీ హైదరాబాద్‌లో సెషన్‌కి వెయ్యి, రెండు వేలు అడిగేవాళ్ళు చాలామంది, నెలకి నాలుగంటే హాస్టల్ ఫీజంత అవుతుంది. ఫోన్లోనే స్టూడెంట్ ఫీజు ఉందా, తెలుగులో మాట్లాడతారా, ఏం చదివారు అని మూడూ అడగండి. క్లినికల్ సైకాలజిస్ట్ అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి, "లైఫ్ కోచ్" అని ఇన్‌స్టాలో పెట్టుకున్నవాళ్ళకి డబ్బు కట్టేముందు ఆలోచించండి. ఆన్‌లైన్ సెషన్లు మనకి బాగా పనికొస్తాయి, దసరాకి ఇంటికొచ్చినా ఆగవు, కాకపోతే నలుగురుండే హాస్టల్ గదిలో మాట్లాడలేం కాబట్టి ఖాళీ క్లాస్‌రూమో డాబా మీదో చూసుకోవాలి.

ఇక పెద్దాసుపత్రి, అంటే ప్రభుత్వ ఆసుపత్రి. ఎర్రగడ్డ, విశాఖ చినవాల్తేరు పేర్లు వింటేనే మనవాళ్ళకి భయం, పిచ్చాసుపత్రి అని ముద్ర వేసేశారు. దయచేసి ఆ మాట పిల్లల ముందు అనకండి. అక్కడ ఓపీలో సైకియాట్రిస్టు, అంటే మందులు రాసే మానసిక డాక్టరు ఉంటారు, ఖర్చు చాలా తక్కువ. ఇంటి దగ్గరైతే బరంపురం ఎంకేసీజీ మెడికల్‌లోనూ సైకియాట్రీ విభాగం ఉంది. రద్దీ వల్ల డాక్టరు తీరిగ్గా కూర్చుని మాట్లాడలేరు, గంట సేపు మనసు విప్పుకోడానికి వెళ్తే నిరాశపడతారు. కానీ రెండు వారాలుగా నిద్ర లేదు, తిండి లేదు, క్లాసుకే వెళ్ళట్లేదు అంటే కౌన్సెలింగ్ ఒక్కదానితో లాక్కురాకుండా సైకియాట్రిస్టుకి చూపించాల్సిందే. డిప్రెషన్ మాత్రలు పనిచేయడం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో సొంతంగా ఆపకూడదు. మన బరంపురం అమ్మవారు బుఢీ ఠాకురాణికి మొక్కుకోండి, తప్పులేదు, కానీ మాత్రలు ఆపేసి మొక్కుకోకండి.

నన్నడిగితే పరీక్షల టెన్షన్, బెంగ, రూమ్మేట్స్‌తో గొడవ వరకూ కాలేజీ కౌన్సెలరే మేలు, అక్కడ నమ్మకం కుదరకపోతే తెలుగు మాట్లాడే థెరపిస్ట్ ఆన్‌లైన్లో. డబ్బు అస్సలు లేకపోతే ప్రభుత్వ ఆసుపత్రిలోనే క్లినికల్ సైకాలజిస్ట్ ఉన్నారా అని ఓపీలో అడగండి. 14416 మాత్రం ఏ దారిలో వెళ్ళినా ఫోన్లో సేవ్ చేసి ఉంచండి.

చచ్చిపోవాలనిపిస్తోంది అని ఎవరైనా అంటే మాత్రం ఈ పోలికలేవీ వద్దు. ఒంటరిగా వదలకండి, 14416కో 112కో చేయండి, రూమ్మేట్‌ని వెంటేసుకుని దగ్గర్లో ఏ ఆసుపత్రి క్యాజువాలిటీ ఉంటే అక్కడికి తీసుకెళ్ళండి, వార్డెన్‌కి, ఇంటికి ఆ తర్వాత చెప్పొచ్చు.