డైనో మీద ఇంజన్ పీల్చే గాలిని కొలవడం: లామినార్ ఫ్లో ఎలిమెంటుతో నా అనుభవం

గాజువాక ఆటోనగర్‌లోని మా టెస్ట్ షెడ్డులో ఇంజన్ పీల్చే గాలిని కొలవడానికి లామినార్ ఫ్లో ఎలిమెంటును ఏళ్ళ తరబడి వాడుతున్నాను. ఒకటి రెండు సిలిండర్ల ఇంజన్లను డైనోకు (ఇంజన్ శక్తిని కొలిచే యంత్రానికి) ఎక్కించేవారికి ఇంతకంటే నమ్మకమైనది నాకు కనిపించలేదు. ధర ఎక్కువే, కానీ పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది.

కాలేజీ ల్యాబులో చదివినవారికి ఎయిర్ బాక్సు (గాలి పోటును తగ్గించే పెద్ద డబ్బా), ఆరిఫిస్ ప్లేటు (గాలి దూరే రంధ్రమున్న పలక), నీటి మానోమీటర్ (పీడన తేడాను నీటి ఎత్తుగా, మిల్లీమీటర్లలో చూపే గొట్టం) తెలిసినవే. ఆరిఫిస్‌లో ప్రవాహం పీడన తేడా వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. చిక్కంతా అక్కడే. 1,500 ఆర్‌పీఎం వద్ద ఫోర్ స్ట్రోక్ సింగిల్ సిలిండర్ ఇంజన్ సెకనుకు 12.5 సార్లే గాలి పీలుస్తుంది, మధ్యలో ఖాళీ. పీడన తేడా సగం సేపు 100 మిల్లీమీటర్లు, సగం సేపు సున్నా అనుకోండి. మానోమీటర్ చూపే సగటు 50, దాని వర్గమూలం 7.07. అసలు ప్రవాహం 10, 0ల సగటు, అంటే 5. నలభై శాతం పైగా ఎక్కువ చూపినట్టే! పెద్ద బాక్సు పెడితే ఈ పోటు సద్దుమణుగుతుంది కానీ ఇరుకు షెడ్డులో అంత డబ్బాకు చోటెక్కడిది?

లామినార్ ఎలిమెంటులో గాలి అతి సన్నని దారుల గుండా సాగుతుంది. పీడన తేడా ప్రవాహానికి నేరుగా అనుపాతంలో ఉంటుంది కాబట్టి సగటు సగటుగానే నిలుస్తుంది. ఎలిమెంటుకూ ఇంజనుకూ మధ్య చిన్న డ్రమ్ము మాత్రం ఉండాలి.

ఇక విశాఖ ఎండ, ఉక్కపోత. వేడి పెరిగితే గాలి స్నిగ్ధత (పారకుండా అడ్డుకునే చిక్కదనం) పెరుగుతుంది, సాంద్రత తగ్గుతుంది. రెండూ కలిసి, అదే పీడన తేడా వద్ద 10 డిగ్రీలకు గాలి ద్రవ్యరాశి 5 శాతం పైనే పడిపోతుంది. అందుకే థర్మామీటర్ గోడకు కాదు, ఎలిమెంటు మూతి దగ్గరే ఉండాలి. 32 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న రోజున వాతావరణ పీడనంలో సుమారు 3.8 కిలోపాస్కల్స్ నీటి ఆవిరిదే. అది ఇంధనాన్ని మండించదు. ఎస్‌ఏఈ జె1349 సవరణ (కొలిచిన శక్తిని ప్రామాణిక వాతావరణానికి మార్చే లెక్క) పొడి గాలి పీడనాన్ని, 99 కిలోపాస్కల్స్‌ను, ఆధారంగా పెట్టుకున్నది ఇందుకే.

వానాకాలంలో ఇంకో బెడద ఉంది. పీడనం తీసుకునే సన్నని ట్యూబులో ఒక్క నీటి బొట్టు నిలిచినా రీడింగు మెల్లగా పక్కకు జరుగుతుంది, అంకె మాత్రం సవ్యంగానే కనిపిస్తుంది. ట్యూబులను సెన్సర్ వైపు ఎత్తుగా వంచి కట్టాక మాకు ఈ బాధ తగ్గింది. ఎలిమెంటు ముందు మంచి ఫిల్టరు తప్పనిసరి. సన్నని దారుల్లో నూనె ధూళి పేరుకుంటే కాలిబ్రేషన్ చెల్లదు.

హాట్ వైర్ సెన్సర్ (వేడి తీగను గాలి చల్లబరిచే తీరును బట్టి ప్రవాహాన్ని కొలిచేది) చవక, ద్రవ్యరాశిని నేరుగా ఇస్తుంది. కానీ మామూలు హాట్ వైర్‌కు దిశ తెలియదు, వెనక్కి తన్నే గాలినీ లోపలికి వెళ్ళినదిగానే లెక్కిస్తుంది. సింగిల్ సిలిండర్‌కు నేను వాడను.

ఏది వాడినా, గాలిని ఇంధనంతో భాగించి వచ్చిన నిష్పత్తిని, పొగలోని ఆక్సిజన్‌ను బట్టి గాలి-ఇంధన నిష్పత్తి చెప్పే లాంబ్డా సెన్సర్‌తో పోల్చి చూడండి. లాంబ్డా ఎక్కువ గాలి ఉందంటే, ముందు ఎలిమెంటు తర్వాతి హోస్ జాయింట్లు తడిమి చూడండి, కొలతకు అందని గాలి అక్కడే దూరుతుంది.

కొనేటప్పుడు పరిమాణం జాగ్రత్త. 661 సీసీ ఇంజన్ 1,500 ఆర్‌పీఎం వద్ద నిమిషానికి మహా అయితే 500 లీటర్లు పీలుస్తుంది. దానికి లారీ ఇంజన్ ఎలిమెంటు తగిలిస్తే పీడన తేడా సెన్సర్‌కు ఆననంత చిన్నదైపోతుంది.