ఒక్క రోజే ఉంటే ఖిల్లానా, రామప్పనా?

వరంగల్ చూడటానికి వచ్చే చెల్లెళ్లు, తమ్ముళ్లు ఫోన్‌లో అడిగేది ఒకటే: "అన్నా, ఒక్క రోజులో మూడూ అయిపోతాయా?" మూడంటే వేయి స్తంభాల గుడి, ఖిల్లా (వరంగల్ కోట), రామప్ప గుడి. పొద్దున్నే కారు మాట్లాడుకుంటే అయిపోతాయి. రాత్రికి ఫోన్ నిండా ఫొటోలుంటాయి, ఏ బొమ్మ ఏ గుడిదో మాత్రం గుర్తుండదు.

వేయి స్తంభాల గుడిని ఈ పోటీలోంచి తీసేద్దాం. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం అది, శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి. హనుమకొండ నడిబొడ్డున ఉంది, బస్సుకు గంట టైం ఉన్నా చూసి రావచ్చు. తేల్చుకోవాల్సింది మిగతా రెండింటి మధ్య.

దారి ఖర్చు చూస్తే ఖిల్లాయే నయం. వరంగల్ స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కితే కాసేపట్లో కోట గోడ కనిపిస్తుంది. రామప్ప ములుగు జిల్లా పాలంపేటలో ఉంది, హనుమకొండ నుంచి డెబ్బై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ములుగు మీదుగా పోయే బస్సెక్కి జంగాలపల్లి దగ్గర దిగి, అక్కణ్నుంచి ఆటో పట్టుకోవాలి. ఆటో నిండేదాకా కదలదు. మొదటిసారి నేను అక్కడే గంటసేపు మిర్చీలు తింటూ కూర్చున్నాను. మన తెలంగాణ ఆడపిల్లలైతే ఆధార్ చూపిస్తే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బులు కట్టక్కర్లేదు కాబట్టి ఖర్చు తేడా పెద్దగా ఉండదు. మేడారం జాతర రోజుల్లో మాత్రం ఆ రోడ్డు జోలికి పోకండి.

ఇంత తిప్పలు పడి రామప్పకు ఎందుకు? అక్కడ గుడి నిలబడి ఉంది కాబట్టి. గణపతిదేవుడి కాలంలో, 1213లో ఆయన సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. ఇసుక నింపిన పునాది, ఎర్రటి ఇసుకరాయి గోడలు, గోపురానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు. చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే నాట్యగత్తెల బొమ్మలు. ఒకామె కాళ్లకు ఎత్తు మడమల చెప్పులున్నాయని గైడ్లు తప్పకుండా చూపిస్తారు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. అయినా పొద్దున పూట ప్రశాంతంగానే ఉంటుంది.

ఖిల్లా మొదటిసారి చూసినప్పుడు, నిజం చెప్పాలంటే, నాకు రాళ్ల డిపోలా అనిపించింది. 1323లో కోట ఢిల్లీ సేనల చేతికి పోయింది. నడుమ ఉండాల్సిన స్వయంభూ దేవుడి గుడి కూలింది, చుట్టూ నాలుగు కీర్తి తోరణాలు మిగిలాయి. మన రాష్ట్ర చిహ్నంలో ఉన్న తోరణం అదే. కింద వరుసలుగా పేర్చిన స్తంభాలు, విరిగిన నందులు, సగం ఏనుగులు. ఏది దేని ముక్కో అర్థం కాలేదు. రామప్ప చూసి మళ్లీ వెళితే అదే చోట రెండు గంటలు గడిచాయి. ఇది స్తంభం తలకట్టు, ఇది కప్పు రాయి, ఈ ఏనుగుల పట్టీ గోడ అడుగున ఉండేది అని ఒక్కో ముక్కనూ దాని చోట పెట్టుకుంటూ పోయాను.

ఖిల్లాకు ఇంకో అందముంది. కోటలో ఊరుంది. గోడల మధ్య పొలాలు, తోరణం పక్కనుంచి స్కూలు పిల్లల సైకిళ్లు. రామప్పలో ఇది దొరకదు.

అందుకని మొదటిసారి వచ్చేవాళ్లకు, తెల్లారి బస్సు పట్టుకోగలిగితే, నా ఓటు రామప్పకే. రైలుకూ రైలుకూ మధ్య నాలుగైదు గంటలే ఉంటే ఖిల్లా. హిస్టరీ చదివేవాళ్లు ఇప్పటికే ఒకట్రెండు కాకతీయ గుళ్లు చూసి ఉంటే వాళ్లకూ ఖిల్లాయే. అమ్మానాన్నలతో వస్తే మళ్లీ రామప్ప, చెట్ల నీడ ఉంది, పక్కనే చెరువుంది. రెండు రోజులుంటే ముందు రామప్ప, మర్నాడు ఖిల్లా. చాలామంది దీన్ని తిరగేస్తారు.

ఎండాకాలం రామప్ప పోయేవాళ్లు సంచిలో ఒక జత సాక్సులు వేసుకోండి. చెప్పులు బయటే విడవాలి, మధ్యాహ్నానికి ఆ రాతి మీద కాలు పెట్టలేం.