చాందా, బల్లార్షా, మొహర్లీ ఎండాకాలం యాత్ర: ఏ గదిలో దిగాలి, ఏ నీడన నడవాలి

కుంటలు ఎండి, మిగిలిన నీళ్ల దగ్గరికే జంతువులు చేరే ఏప్రిల్, మే నెలల్లో మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవిలో పులి కనబడే అవకాశం ఎక్కువ. అందుకే మంచిర్యాల, కాగజ్‌నగర్ మీదుగా బల్లార్షా రైలెక్కే మనవాళ్లు ఆ రోజులనే ఎంచుకుంటారు. అదే రోజుల్లో చంద్రపూర్‌లో 45 డిగ్రీలు మామూలు, 47 దాటిన రోజులూ ఉన్నాయి. బస మాట్లాడేటప్పుడు సఫారీ గేటు ఎంత దూరం, ఏసీ ఉందా అని అడుగుతాం. వాటికన్నా ముందు అడగాల్సినవి రెండున్నాయి: గది చుట్టూ నేల ఎలాంటిది? కప్పు మీద ఎండ పడుతుందా, చెట్టు నీడ పడుతుందా?

ముందుగా చాందా, అంటే చంద్రపూరే. ఊరి చుట్టూ బొగ్గు గనులు, పక్కనే 2,920 మెగావాట్ల థర్మల్ కేంద్రం. గోండు రాజుల కోటగోడ లోపలి పాత ఊరిలో సందులు ఇరుకు కాబట్టి ఉదయం ఒక ఇంటి నీడ ఇంకో ఇంటి మీద పడుతుంది, పదింటి దాకా హాయిగా నడవొచ్చు. జట్‌పురా గేటు, అంచలేశ్వర్ గుడి, మహాకాళి గుడి ఆ వేళకే చూసేయాలి. రాత్రికి మాత్రం అవే సందులు ఉడికిస్తాయి. పగలు గోడలు తాగిన వేడి ఆకాశంలోకి పోవాలంటే పైన తెరిపి ఉండాలి, ఇరుకు సందులో ఒక గోడ వదిలిన వేడిని ఎదుటి గోడ పట్టుకుంటుంది. నగరానికీ పల్లెకూ వేడిలో తేడా పగటికన్నా రాత్రిపూట ఎక్కువగా తెలిసేది ఇందుకే. నిద్ర ముఖ్యమనుకునేవాళ్లు పాత ఊరిలో దిగొద్దు.

గది చూసుకోవడానికి సాయంత్రం ఏడింటికి వెళ్లండి. అరచేయి ముందు పడమటి గోడకు, తర్వాత మంచమెక్కి స్లాబుకు ఆనించండి. నాలుగైదు అంగుళాల స్లాబు మీద పడ్డ మధ్యాహ్నపు ఎండ వేడి మూడు నాలుగు గంటల తర్వాత లోపలికి దిగుతుంది. తొమ్మిది అంగుళాల ఇటుక గోడకు ఇంకా ఆలస్యం, రాత్రి పది దాటినా వేడి కక్కుతూనే ఉంటుంది. కాబట్టి పై అంతస్తులో పడమటి గది ఎంత చవకైనా వద్దు. కింది అంతస్తు కాని నడిమిది కాని, తూర్పుకో ఉత్తరానికో కిటికీ ఉన్నది అడగండి. డాబాకు సున్నం కొట్టారేమో చూడండి. కొత్త తారు మీద పడ్డ ఎండలో 90 శాతానికి పైగా అది మింగేస్తుంది, తాజాగా సున్నం కొట్టిన డాబా 70 శాతం దాకా తిప్పికొడుతుంది. ఇన్‌ఫ్రారెడ్ గన్ (తాకకుండా వేడి కొలిచే పరికరం) ఉన్నవాళ్లు దాన్ని 0.95 ఎమిసివిటీ (ఉపరితలం వేడిని ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే అంకె) మీద పెట్టి గోడలు, సిమెంటు, మట్టి కొలవొచ్చు. మెరిసే రేకు మీద మాత్రం ఆ అంకె నమ్మొద్దు, ఉన్నదానికన్నా చాలా తక్కువ చూపిస్తుంది.

విదర్భలో ఏసీ లేకపోయినా కూలర్ గది చాలు, కారణం గాలి పొడిగా ఉండటమే. బయట 45 డిగ్రీలు, తేమ 15 శాతం ఉంటే తడి బల్బు ఉష్ణోగ్రత, అంటే నీటి ఆవిరితో గాలి చల్లబడగల కనిష్ఠం, 24 దగ్గర ఉంటుంది, మంచి ప్యాడ్లున్న కూలర్ గాలిని 30 దాకా దించగలదు. సముద్రపు ఒడ్డున ఇదే కూలర్ పెడితే ఒళ్లు జిగటవుతుందే తప్ప చల్లబడదు. కూలర్ పెద్దదైతే గంటకు 10 నుంచి 15 లీటర్లు తాగుతుంది. 60 లీటర్ల ట్యాంకు రాత్రి పదింటికి నింపితే మూడింటికల్లా అడుగంటుతుంది, ఆ తర్వాత వచ్చేది ఉత్త వేడిగాలి. పైపుతో ట్యాంకు దానంతటదే నిండే ఏర్పాటు ఉందా అని దిగకముందే అడగండి. ఎదురుగా ఒక కిటికీ జానెడు తెరిచి ఉంచాలి, లేకుంటే తేమ గదిలోనే నిలిచి కూలర్ పనిచేయడం మానేస్తుంది. ప్యాడ్లు తెల్లటి ఉప్పు పొరతో గట్టిపడి ఉంటే గాలి దూరదు, వాటిని మార్చమనండి.

ఇక చెట్లు. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 0.68 యూనిట్ల (కరెంటు బిల్లులో లెక్కించే యూనిట్లే) వేడి కావాలి. బాగా నీరందే పెద్ద చెట్టు రోజుకు 100 లీటర్లు ఆవిరి చేసిందనుకుంటే 68 యూనిట్లు, అంటే ఒకటిన్నర టన్నుల ఏసీ 13 గంటల పాటు తోడే వేడి. ఏసీ ఆ వేడిని వీధిలోకి నెడుతుంది, చెట్టు ఆవిరిలో దాచేస్తుంది. అయితే మొదలు దాకా సిమెంటు టైల్స్ పరిచిన చెట్టుకు వానాకాలంలో నీరు ఇంకదు, ఎండాకాలంలో ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ మిగలదు. 2013లో ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర సిమెంటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. ప్రతి ఊరికీ ఆ పని కావాలి. ఆకుల మీద బొగ్గు దుమ్ము పేరుకున్నా చెట్టు పని మందగిస్తుంది, చాందాలో వేపాకును వేలితో రుద్దితే ఆ నలుపు కనబడుతుంది.

వరుసగా చెట్లున్న వీధికి, ఒంటరి చెట్టున్న వీధికి పోలికే లేదు. అమెరికాలోని మాడిసన్ నగరంలో సైకిల్‌కు సెన్సర్లు కట్టి కొలిచి 2019లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఇళ్ల బ్లాకంత ప్రాంతంలో 40 శాతానికి మించి కొమ్మల నీడ ఉన్నచోటే పగటి గాలి చల్లదనం బాగా పెరిగింది. చాందాలో ఆటో మాట్లాడుకునేటప్పుడు అడ్డదారి కన్నా పాత సర్కారు బంగళాల వైపు వేప, చింత, నిద్రగన్నేరు ఉన్న దారినే పొమ్మనండి. రెండు నిమిషాలు ఎక్కువైనా పరవాలేదు.

తాడోబా గేటున్న ఊరు మొహర్లీ చాందాకు సుమారు 30 కిలోమీటర్లు. అడవిలో చల్లగా ఉంటుందనుకుని వచ్చేవాళ్లు పగలు నిరాశపడతారు. తాడోబా టేకు, వెదురు అడవి, ఏప్రిల్‌కు టేకు ఆకు రాల్చేస్తుంది, మోడుల కింద నీడ ఉండదు. చల్లదనం దొరికేది వాగుల వెంట నేరేడు, మద్ది ఉన్నచోటే. మధ్యాహ్నపు సఫారీ జిప్సీకి టాపు ఉండదు కాబట్టి నూలు తువ్వాలు తడిపి తలకు చుట్టుకోవాలి, మనిషికి మూడు లీటర్ల నీళ్లు ఉండాలి. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే ఉదయం సఫారీ ఒక్కటే తీసుకోండి. మంగళవారం పార్కు సెలవు.

అయినా రాత్రి బసకు మా ఓటు మొహర్లీకే. కాంక్రీటు తక్కువ, ఆకాశం తెరిపి, తెల్లారేసరికి దుప్పటి వెతుక్కునేంతగా కాకపోయినా చాందా కంటే స్పష్టంగా చల్లబడుతుంది. రిసార్టుల్లో తేడా చూసుకోవాలి. గడ్డి పచ్చగా ఉందంటే రోజూ నీళ్లు పోస్తున్నారని అర్థం. నీళ్లు ఆపిన గడ్డి ఎండి, ఉత్త మట్టిలాగే కాలుతుంది. ప్లాస్టిక్ గడ్డి పరిచిన చోట అది 60 డిగ్రీలు దాటుతుంది, పిల్లల్ని చెప్పుల్లేకుండా వదలొద్దు. మధ్యాహ్నం ఉడికిపోయే గుడ్డ టెంటుకు బదులు, కానుగో చింతో కమ్ముకున్న పెంకుటిల్లు దొరికితే తీసుకోండి. కానుగ సరిగ్గా ఈ నెలల్లోనే కొత్తాకు వేస్తుంది. పడుకోవడం మాత్రం గుబురు కింద కాకుండా తెరిపి వాకిట్లో. ఆకుల గుబురు పగలు ఎండను ఆపినట్టే రాత్రి నేల వేడిని పైకి పోనివ్వదు. సాయంత్రం ఆరింటికి మట్టి వాకిలికి కళ్లాపి చల్లమని అడగండి. మట్టి తడిని పీల్చుకుని రెండు మూడు గంటల పాటు మెల్లగా వదులుతుంది, సిమెంటు మీద చల్లితే నిమిషాల్లో ఆరిపోతుంది.

బల్లార్షా స్టేషన్ దగ్గరి లాడ్జీలు రైలు వేళల కోసం పనికొస్తాయి, తెలుగులోనే పని జరిగిపోతుంది, కాని చుట్టూ అంతా సిమెంటే. పగటి రైలు ఉంటే వార్ధా నది ఒడ్డున కోట చూసి, పొద్దున ఎనిమిదిన్నరకల్లా తిరిగిరండి.

సిరొంచా వైపు పోయేవాళ్లు ప్రాణహిత, గోదావరి కలిసే చోట ఇసుకలోకి పొద్దున్నే దిగాలి. పొడి ఇసుక మధ్యాహ్నం 60 డిగ్రీలు దాటి పాదాలు బొబ్బలెక్కిస్తుంది. చీకటి పడ్డాక అదే ఇసుక త్వరగా చల్లారుతుంది, ఎనిమిదింటికి కూర్చోవచ్చు. కాళేశ్వరం నుంచి వంతెన మీదుగా వచ్చేవాళ్లకు ఇదే అనువైన వేళ.