జాగ్రత్త: కుక్కతో దూర నడకకని వీపు సంచి సెట్టు కొంటున్నవాళ్లకి

కుక్కతో కలిసి నాలుగైదు రోజుల నడకకి సిద్ధమవుతున్నవాళ్లు, ముఖ్యంగా కుక్కకి తగిలించే వీపు సంచి, బూట్లు, ఫస్ట్ ఎయిడ్ కిట్ అన్నీ కలిపి ఒకే సెట్టుగా ఆన్‌లైన్‌లో కొందామని చూస్తున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నేను అలాగే కొన్నాను. ఐదు రోజులనుకున్న నడక రెండో రోజు మధ్యాహ్నానికే ఆగిపోయింది. నడక ఆగిపోయినందుకు కాదు నా బాధ, మా కుక్క బంటి ఒళ్లు పుండైనందుకు.

బంటికి నాలుగేళ్లు, బరువు 24 కిలోలు. పొద్దునా సాయంత్రం గంటసేపు నడక వాడికి మామూలే. సెలవు రోజుల్లో పది పన్నెండు కిలోమీటర్లు అలవోకగా నడుస్తాడు. బయల్దేరే ముందు వెటర్నరీ డాక్టరుకి చూపించాను. కీళ్లు, గుండె, పాదాలు అన్నీ చూసి వెళ్లిరమ్మన్నారు. టీకాలు, పేలు పట్టకుండా మందు, గోళ్లు కత్తిరించడం కూడా అయిపోయాయి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, జరిగినదానికి కుక్కలో లోపం కారణం కాదని ముందే తెలియాలి.

ప్రకటనలో సైజు పట్టిక ఉంది. అందులో ఒకటే లెక్క, కుక్క బరువు. ఇన్ని కిలోల నుంచి ఇన్ని కిలోల దాకా మీడియం, ఆ పైన లార్జ్. ఛాతీ చుట్టుకొలత ఎక్కడా అడగలేదు. నేనూ దాని గురించి ఆలోచించలేదు. ఇక్కడే అసలు తప్పు జరిగింది. 24 కిలోల కుక్కలు రెండిటిని పక్కపక్కన నిలబెట్టి చూడండి. ఒకటి లోతైన ఛాతీతో సన్నగా ఉంటుంది, ఇంకొకటి పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. రెండిటికీ ఒకే పట్టీ ఎలా సరిపోతుంది? బంటిది మొదటి రకం ఒళ్లు. లార్జ్ వాడికి వదులైంది. వదులని పట్టీ లాగి బిగిస్తే, ఛాతీ మీద ఉండాల్సిన పట్టీ ముందుకు జరిగి సరిగ్గా చంకలో కూర్చుంది.

ఇంట్లో వేసి చూసినప్పుడు బాగానే ఉందనిపించింది. వాడు నిలబడి ఉన్నాడు, నేను ఫొటో తీసుకున్నాను. నిలబడ్డ కుక్క మీద ఏ సంచి అయినా బాగానే ఉంటుంది. అడుగు వేసినప్పుడు ముందుకాలు వెనక్కీ ముందుకీ ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ ఆ పట్టీ అంచు చంకలోని పల్చటి చర్మాన్ని గీరుతుంది. అక్కడ వెంట్రుకలు కూడా ఒత్తుగా ఉండవు. ఒక్క రోజు నడకలో అలాంటి అడుగులు ఎన్ని వేలు పడతాయో మీరే ఊహించండి.

మొదటి రోజు 14 కిలోమీటర్లు నడిచాం. సాయంత్రం సంచి విప్పబోతే వాడు ఒళ్లు ముడుచుకుని పక్కకి జరిగాడు. అలసిపోయాడనుకున్నాను. రాత్రంతా ముందుకాలి లోపలివైపు నాకుతూనే ఉన్నాడు. అప్పుడే టార్చి వేసి చూసి ఉండాల్సింది. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ గుండె పట్టేస్తోంది.

రెండో రోజు ఒక చిన్న వాగు దాటాలి. అవతలి గట్టు కాస్త ఎత్తు. వాడు ఎక్కడానికి తటపటాయిస్తుంటే సంచి పైనున్న పిడి పట్టుకుని లేపాను. కష్టమైన చోట కుక్కని లేపడానికే ఆ పిడి అని ప్రకటనలో ఫొటోతో సహా చూపించారు. సగం లేచాడో లేదో, పర్రుమని కుట్టు ఊడిపోయింది. పిడి ఒక చివర నా చేతిలో ఉండిపోయింది, వాడు నీళ్లలోకి జారాడు. మోకాలి లోతు నీళ్లు కాబట్టి సరిపోయింది. అదే నిటారు రాతిగట్టు అయ్యుంటే ఏం జరిగేదో తలుచుకుంటేనే భయమేస్తోంది.

తడిసిన సంచి విప్పి వాడిని తుడుస్తుంటే చూశాను. రెండు చంకల్లోనూ వెంట్రుకలు ఊడిపోయి, చర్మం ఎర్రగా కమిలి ఉంది. ఎడమవైపు బొటనవేలంత మేర పచ్చి పుండు, రసి కారుతోంది. సంచి తిరగేసి పట్టీ వెంబడి వేలు పోనిచ్చాను. నైలాన్ పట్టీ కొస విడిపోకుండా వేడితో కరిగించి వదిలేశారు. లోపలికి మడిచి కుట్టలేదు, పైన మెత్తటి గుడ్డా వేయలేదు. కరిగి గట్టిపడ్డ ఆ కొస గోటితో గీకితే రంపపు పంటిలా తగిలింది. అది సరిగ్గా చంక దగ్గరికి వస్తుంది. వాడు రోజున్నర పాటు దాంతోనే నడిచాడు. ఒక్కసారి కూడా అరవలేదు, కుంటలేదు.

ఇక బరువు సంగతి. ఆ సంచి 12 లీటర్లు పడుతుందని, కుక్క తన బరువులో మూడో వంతు హాయిగా మోస్తుందని ప్రకటనలో రాశారు. అంటే బంటి 8 కిలోలు మోయాలి. దీన్ని అస్సలు నమ్మకండి. అలవాటు లేని కుక్కకి ఒంటి బరువులో పదో వంతు లోపలే ఉంచమని, బాగా అలవాటయ్యాక కూడా 10 నుంచి 15 శాతం మధ్యే ఆపమని మా డాక్టరు చెప్పారు. ఆ లెక్కన బంటికి మొదట్లో 2.4 కిలోలు మించకూడదు. ఇందులో ఖాళీ సంచి బరువు కూడా కలిసే ఉండాలి, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆ సంచి 450 గ్రాములని లేబుల్ మీద ఉంది. తిరిగొచ్చాక వంటింటి కాటా మీద పెడితే 900 గ్రాములు చూపించింది. అంటే ఇక మోయగలిగేది కిలోన్నరే. లీటరు నీళ్లంటే కిలో బరువు. ఒక నీళ్ల సీసా, కాసిని తిండి గింజలు పెడితే అయిపోయింది. ఎదిగే వయసు కుక్కపిల్లల మీద మాత్రం ఏ బరువూ పెట్టకూడదు. వాటి ఎముకల కొసలు గట్టిపడటానికి జాతిని బట్టి ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా పడుతుంది.

సంచి ఎంత పడుతుందన్నదానికీ కుక్క ఎంత మోస్తుందన్నదానికీ సంబంధం లేదు. పెద్ద సంచి కొంటే నింపాలనిపిస్తుంది, అదే ప్రమాదం. పైగా బరువు ఎక్కడ కూర్చుంటుందో కూడా చూడాలి. నిలబడ్డ కుక్క బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే ఉంటుంది. అందుకే సంచి భుజాల దగ్గర ఉండాలి, నడుము మీదికి జారకూడదు. మాది నాలుగు కిలోమీటర్లకే నడుము మీదికి జారేది, నేను ఆగి ముందుకి లాగేవాణ్ణి. లాగిన ప్రతిసారీ ఆ పట్టీ ఇంకొంచెం గీరి ఉంటుంది.

సంచి గుడ్డ నల్లటిది, లోపల మందపాటి స్పాంజి, గాలి ఆడే జాలీ లేదు. మనకి చెమట పట్టినట్టు కుక్కకి ఒళ్లంతా పట్టదు. చెమట గ్రంథులు పనిచేసేది ఎక్కువగా పాదాల దగ్గరే. ముఖ్యంగా రొప్పడం ద్వారానే అది ఒంట్లో వేడి తగ్గించుకుంటుంది. అలాంటి ప్రాణి వీపంతా దుప్పటి కప్పినట్టు కప్పేస్తే వేడి ఎటు పోతుంది? కుక్క ఒంటి మామూలు వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. 41 దాటిందంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. ఆగకుండా రొప్పడం, చిగుళ్లు ముదురు ఎరుపుకి మారడం, జిగట చొంగ, నడకలో తూలడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే సంచి విప్పేసి, నీడకి చేర్చి, ఒంటి మీద చల్లటి నీళ్లు పోస్తూ గాలి తగిలేలా చూడాలి, ఆ తర్వాత ఆస్పత్రికి. తడి తువ్వాలు కప్పి అలాగే వదిలేయకండి, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది.

బూట్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నాలుగూ ఒకే సైజు. చాలా కుక్కలకి ముందు పాదాలు వెనక పాదాల కంటే పెద్దవి. మొదటి రోజే ఒకదాని అడుగు ఊడింది. జిగురుతో అంటించారు తప్ప చుట్టూ కుట్టలేదు. పాదం పక్కన పైకి ఉండే చిన్న గోరు దగ్గర పట్టీ ఒరుసుకుని అక్కడా ఎర్రబడింది.

అన్నిటికంటే కోపం తెప్పించింది ఫస్ట్ ఎయిడ్ కిట్. పైన కుక్క బొమ్మ, లోపల మనుషుల కిట్. పట్టీలు, దూది సరే, వాటితో పాటు నొప్పి మాత్రలు, ఇబుప్రొఫెన్! కుక్కకి ఇది విషం లాంటిది. కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి. పారాసెటమాల్ కూడా డాక్టరు చెప్పకుండా వేయకూడదు. ఆ పుండు చూసినప్పుడు నా చెయ్యి ఆ మాత్రల మీదికే వెళ్లింది. కుక్కల కిట్‌లో ఉంది కాబట్టి కుక్కలదే అనుకోవడం సహజం. ఎందుకో ఆగి డాక్టరుకి ఫోన్ చేశాను. వద్దని గట్టిగా చెప్పి, పుండు సెలైన్‌తో కడిగి, గాలి తగలనిచ్చి, వాడు నాకకుండా చూసుకోమన్నారు. ఆ ఫోన్ కలవకపోయి ఉంటే? మీ దగ్గర ఇలాంటి కిట్ ఉంటే ఇప్పుడే తెరిచి అందులో ఏముందో ఒక్కొక్కటి చదవండి.

అమ్మినవాళ్లకి పుండు ఫొటో, ఊడిన పిడి ఫొటో, కాటా మీద బరువు ఫొటో పంపాను. మొదట క్షమాపణ చెప్పారు. రెండో రోజు, వాడిన వస్తువు వెనక్కి తీసుకోబోమన్నారు. వాడకుండా కుట్టు ఊడుతుందని ఎలా తెలుస్తుందండీ అని అడిగితే జవాబు లేదు. మూడోసారి, సైజు తప్పుగా ఎంచుకున్నది మీరేనన్నారు. పట్టిక వాళ్లదే, బరువు చూసి ఎంచుకోమన్నదీ వాళ్లే. ఐదు చుక్కలు ఇస్తే తర్వాతి కొనుగోలుకి తగ్గింపు ఇస్తామని పెట్టెలో చిన్న కార్డు ఉంది, దాన్ని ముందు పట్టించుకోలేదు. ఇప్పుడు వెనక్కి వెళ్లి ఆ రివ్యూలన్నీ చదివాను. ఫొటోల్లో అన్నీ ఇంట్లో నిలబడ్డ కుక్కలే. దారిలో నడుస్తున్న కుక్క ఒక్కటీ లేదు. నెల వాడాక రాసినది ఒక్కటీ లేదు. మీరు కొనేటప్పుడు ఐదు చుక్కలవి పక్కన పెట్టి, మూడు చుక్కలవి చదవండి. నిజం చాలావరకు అక్కడ దొరుకుతుంది.

ఈసారి నేనేం చేస్తున్నానో చెబుతాను, మీకు పనికి రావచ్చు. ముందుకాళ్ల వెనక ఛాతీ బాగా వెడల్పున్న చోట టేపుతో కొలిచాను, మెడ మొదలు, వీపు పొడుగు కూడా. ఈ మూడు కొలతలూ అడగని అమ్మకందారు దగ్గర కొనను. పట్టీ బిగించాక లోపల రెండు వేళ్లు దూరాలి, మూడు దూరితే వదులు. ఛాతీ పట్టీకీ ముందుకాలికీ మధ్య కనీసం నాలుగు వేళ్ల ఎడం ఉండేలా చూస్తాను. పిడినీ, లీష్ (కుక్కని పట్టుకునే తాడు) తగిలించే ఇనుప రింగునీ ముందు కుక్క లేకుండా పరీక్షిస్తాను. సంచి పట్టీలకి కుక్క బరువుకి సరిపడా బియ్యం మూటో ఇసుక మూటో కట్టి, పిడి పట్టుకుని పది సార్లు ఎత్తి దించితే కుట్టు సంగతి తేలిపోతుంది. బూట్లకి కాగితం మీద పాదం గీస్తాను, అదీ పక్క కాలు ఎత్తి పట్టుకుని, గీసే పాదం మీద బరువు మోపేలా. అప్పుడే పాదం విచ్చుకుని నిజమైన వెడల్పు తెలుస్తుంది. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీస్తాను, లేబుళ్లు కత్తిరించను.

ఆ తర్వాత వారం పాటు ఖాళీ సంచితో మామూలు నడక. తర్వాత అర కిలో, కొన్నాళ్లకి కిలో. రెండు పక్కలా సమానంగా, కాటా మీద తూచి. ప్రతి నడక తర్వాత సంచి విప్పి చంకలు, ఛాతీ, కాళ్ల మధ్య వేళ్లతో తడిమి చూస్తాను. వెంట్రుకలు విరిగి గరుగ్గా తగిలాయంటే ఆ చోట ఒరిపిడి మొదలైందన్నమాట. పుండు పడేదాకా ఆగక్కర్లేదు, వేళ్లకి ముందే తెలుస్తుంది.

బంటి పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. ఎడమ చంకలో వెంట్రుకలు ఇంకా పల్చగానే ఉన్నాయి. ఇప్పటికీ ఒంటికి తొడిగే పట్టీల హార్నెస్ చేతిలో కనిపిస్తే వెనక్కి అడుగేస్తాడు. బలవంతం చేయడం లేదు. నేల మీద పెట్టి పక్కన కూర్చుంటున్నాను, వాడే వచ్చి వాసన చూసి వెళ్తున్నాడు.

ఏ కంపెనీదైనా సరే, బరువు చూసి కొన్న సంచి మీ ఇంట్లో ఉంటే ఈ రాత్రే తిరగేసి, పట్టీ కొసలు ఎక్కడ ముగుస్తున్నాయో వేలితో తడిమి చూడండి. గట్టిగా, పదునుగా తగిలితే దాన్ని కుక్కకి వేయకండి. మీకూ ఇలాంటిదే ఎదురై ఉంటే కింద రాయండి, ఫొటో ఉంటే పెట్టండి. రేపు కొనబోయేవాళ్లకి కనిపిస్తుంది.